పదకొండు సున్నాలు

పోయినవారం మనం వానపిల్లను కొండ వెనక పేటలో, మేనత్త కుట్టుమిషను పక్కన నేలమీద కూలబడ్డ చోటే వదిలేసి వచ్చాం. ఆమె ఒళ్ళో అత్త కొలతల పుస్తకం తెరిచి ఉంది. ఎవరిదో చొక్కా కొలతల నడుమ అత్త గుండ్రటి చేతిరాత: భుజం పదిహేడు, చేయి ఇరవై మూడు, వాన అరవై రెండు. తర్వాతి పేజీలో మెడ పదిహేను, నడుము ముప్పై నాలుగు, వాన నలభై ఎనిమిది. అలా పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులకూ వానపిల్ల పట్టికలో ఎక్కించింది మాత్రం పదకొండు సున్నాలు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. కొండకు ఇవతలి ఊళ్ళో వాతావరణ అంచనాల మీద పరిశోధన చేసే సంఘం ఒకటుంది. దానికి మన పిల్ల కాలేజీ తరఫున స్టూడెంట్ అంబాసిడర్. జీతం లేదు, మెడలో వేసుకోవడానికి కార్డు మాత్రం ఉంది. ఇల్లిల్లూ తిరిగి వాన కొలిచే గొట్టాలు పెట్టించడం, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వాళ్ళ చేత కొలత పంపించడం, వాటిని పట్టికలోకి ఎక్కించడం ఆమె పని. ఎవరు కనిపించినా వాన గురించే అడుగుతుంది కాబట్టి వానపిల్ల అయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు.

ఆ పనిలో మొట్టమొదటి నియమం ఒకటుంది. వాన పడలేదని చూస్తే సున్నా రాయాలి, అసలు చూడకపోతే ఖాళీ వదలాలి. సున్నా అంటే చూశాను, లేదు అని. ఖాళీ అంటే నాకు తెలియదు అని. ఈ మాట వానపిల్ల ఇరవై గడపల్లో, వేలు ఆడించి మరీ చెప్పింది. చెప్పినవాళ్ళే మొదట తప్పడం లోకంలో కొత్తేమీ కాదు.

"ఏమే, అట్లా చూస్తావేం? తప్పు కొలిచానా?" అంది అత్త, పళ్ళ మధ్య గుండుసూది తీయకుండానే.

"లేదత్తా. సరిగ్గానే కొలిచావు. నాకెందుకు పంపలేదు?"

"ఫోను బకెట్లో పడింది కదే. బాగుచేసేవాడు ఇవాళ, రేపు అని పదకొండు రోజులు తిప్పాడు. పుస్తకంలో రాస్తున్నాగా, నువ్వొచ్చినప్పుడు చూసుకుంటావనుకున్నా. నువ్వేమో పరీక్షలని ఇటు తొంగిచూడలేదు." అత్త సూది తీసి గుడ్డకు గుచ్చింది. "మరి ఆ రోజులకు ఏం రాశావ్?"

"ఖాళీ వదిలేశాను," అంది వానపిల్ల.

అబద్ధం అంత సులువుగా నోట్లోంచి ఊడిపడుతుందని ఆమెకే తెలియదు. "అంతేగా, ఇప్పుడు నింపుకో," అంది అత్త, మళ్ళీ మిషను తొక్కుతూ. "పుస్తకం సాయంత్రానికి తెచ్చెయ్. మూడు చొక్కాలు కత్తిరించాలి, కొలతలు అందులోనే ఉన్నాయి."

తిరుగు బస్సులో వానపిల్లకు కిటికీ పక్క సీటు దొరికింది గానీ, కూర్చున్నంతసేపూ ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. పుస్తకాన్ని సంచిలో పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. పక్కనున్నామె విసుక్కుని కాళ్ళు అటు తిప్పుకుంది. పరీక్షల రోజుల్లో తను చేసిందేమిటి? ఎనిమిదిన్నరకు తన ఇంటి కిటికీలోంచి బయటికి చూసింది. నేల పొడిగా ఉంది. ఇక్కడ లేని వాన అక్కడ మాత్రం ఎందుకుంటుందిలే అనుకుని సున్నా కొట్టింది. ఖాళీ వదిలితే వరస తెగిపోతుంది. మూడు నెలలు ఒక్క ఖాళీ లేకుండా నడిపిన ప్రతినిధికి సంఘం సిఫారసు ఉత్తరం ఇస్తుంది. ఆ ఉత్తరం ఉంటే వాతావరణ శాస్త్రం చదువులో సీటు వస్తుంది. లేకపోతే నాన్న చెప్పినట్టు ఏదో ఒక డిగ్రీ, ఏదో ఒక గుమాస్తాగిరీ.

కొండకూ ఊరికీ మధ్య వాగు మీద చప్టా ఉంది. పిట్టగోడ లేదు, నీళ్ళకు జానెడు ఎత్తున పరిచిన కాంక్రీటు. బస్సు దాని మీదుగా వస్తుంటే వాన సన్నగా మొదలైంది. వాగులో రాళ్ళ చుట్టూ చీలమండ లోతు నీళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే కొండ తల కనబడలేదు. వానపిల్ల అదేమీ పట్టించుకోలేదు. పరువు పోయే మనిషికి ఆకాశం మీద ధ్యాస ఉండదు.

సంఘం ఆఫీసుకు చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. ఇక్కడ ఎండ కాస్తోంది. దశాంశం సారు గది ముందు ఆమె ఆగింది, పక్కనున్న కుండలో నీళ్ళు తాగింది, గది ముందుకొచ్చింది, మళ్ళీ వెళ్ళి తాగింది. దాహమేమీ లేదు. అలా పది నిమిషాలు గడిచాయి. ఆ పది నిమిషాల విలువ ఎంతో అప్పటికి ఆమెకు తెలియదు. తెలిసుంటే తలుపు తోసుకుని వెళ్ళేది.

దశాంశం సారు పని అంచనాలను సరిచూడటం. నిన్న ఎంత పడుతుందన్నారు, నిజంగా ఎంత పడింది, తేడా ఎంత, ఆ తేడాను రేపటి అంచనాలో ఎలా సరిదిద్దాలి. చుక్క తర్వాతి అంకె లేకుండా ఆయన ఏ లెక్కా చెప్పరు. టీలో చక్కెర ఎంత అని అడిగితే ఒకటింపావు చెంచా అంటారు.

"రా అమ్మా, రా. నీ కోసమే చూస్తున్నా," అన్నారు, ఆమె తలుపు తీయగానే. "పన్నెండుంపావుకు నీకు అభినందన సభ. నలభై మంది వాలంటీర్లు వచ్చేశారు. ఇదిగో, నీ వరస తెర మీద చూపిస్తాను."

కంప్యూటర్లో పద్నాలుగో గొట్టం వరస. తొంభై రెండు గళ్ళు, అన్నీ పచ్చగా. ఒక్క ఖాళీ లేదు. అత్త గొట్టమది.

"సార్, మీతో ఒక మాట."

"ఉండు, ముందు ఇది విను. నీకు నచ్చుతుంది." ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పారు. మంచి మనిషి, సంతోషం దాచుకోలేరు. "కొండ అడ్డం కాబట్టి మన రాడార్‌కు వెనక పేట కనిపించదు. అక్కడ మనకున్న కన్ను నీ పద్నాలుగో గొట్టం ఒక్కటే. అంచనా వేసే యంత్రమేమో ఈ మధ్య వరసగా అక్కడ కుండపోత అని గోల పెడుతూనే ఉంది. నీ గొట్టం చూస్తే సున్నా. మళ్ళీ కుండపోత అంది, మళ్ళీ సున్నా. పదకొండు సార్లు. దాంతో నేను సవరణ పెట్టా. కొండ వెనక యంత్రం ఎంత చెప్పినా దాన్ని బాగా కోసెయ్యాలని."

వానపిల్ల సంచిలోని పుస్తకాన్ని బయటికి తీసింది.

"ఇవాళ కూడా చూడు. వెనక పేటకు తొంభై పాయింట్ నాలుగు మిల్లీమీటర్లంది. సవరణ తర్వాత పదమూడు పాయింట్ ఆరు. పదకొండు గంటల బులెటిన్‌లో తేలికపాటి వాన అని వేశాం. నీ సున్నాలే లేకపోతే ఇవాళ బస్సులన్నీ అనవసరంగా ఆపేవాళ్ళు."

బస్సులు. కొండ వెనక యాభై దాటుతుందని బులెటిన్ చెబితే డిపోవాళ్ళు చప్టా దాటనివ్వరు. దాటదంటే మామూలుగా పంపిస్తారు. ఆ దారిలో పన్నెండు గంటల బస్సు నడిపేది వానపిల్ల నాన్న. బులెటిన్ కాగితం చేతికి రాగానే దాన్ని ప్రయాణికులందరికీ చదివి వినిపించడం ఆయనకో ముచ్చట. చివర్లో, ఇందులో మా అమ్మాయి పని కూడా ఉంది అనకుండా బండి తీయడు.

గోడ గడియారంలో పన్నెండూ నాలుగు. వానపిల్ల ఫోను తీసి నాన్నకు చేసింది. స్విచాఫ్. స్టీరింగు పట్టుకుంటే ఫోను ఆపేస్తాడు. పాతికేళ్ళ అలవాటు, అందరూ మెచ్చుకునేది.

"ఎవరికమ్మా?"

"సార్, ఆ సున్నాలు నావి," అంది వానపిల్ల.

"నీవే కదా. అందుకేగా ఈ సభ."

"అలా కాదు సార్. అత్త ఫోను పాడైంది. ఆ పదకొండు రోజులూ కొలత రాలేదు. నేను వెళ్ళి చూడలేదు. వరస తెగుతుందని సున్నాలు నేనే వేశాను." ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. "అత్త కొలుస్తూనే ఉంది. ఇదిగో పుస్తకం. అరవై రెండు, నలభై ఎనిమిది, డెబ్భై ఒకటి. యంత్రం చెప్పిందే నిజం సార్."

దశాంశం సారు పుస్తకం అందుకున్నారు. చొక్కాల నడుమ, లాగుల నడుమ వానను వెతుక్కుంటూ పేజీలు తిప్పారు. డెబ్భై ఒకటి దగ్గర వేలు ఆగింది. కోప్పడతారని ఆమె చూస్తోంది. కోప్పడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన కోప్పడలేదు. కంప్యూటర్ వైపు తిరిగి ఇంకో పేజీ తెరిచారు.

"ఇటు చూడు," అన్నారు, గొంతు బాగా తగ్గించి.

అవే పదకొండు రోజులు. ప్రతి దాని పక్కనా ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పక్కన, అనుమానాస్పదం. దాని పక్కన ఇంకో గడిలో, నమ్మవచ్చు.

"యంత్రం నిన్ను పట్టుకుందమ్మా. మొదటి రోజే పట్టుకుంది. ఇంత మబ్బులో సున్నా ఏమిటని పదకొండు సార్లు అడిగింది. నమ్మవచ్చు అని నొక్కింది నేను. పదకొండుసార్లూ నేనే." కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఒక్కసారైనా నీకు ఫోను చేసి అడగాల్సింది. ఆ పిల్ల తప్పు రాయదులే అనుకున్నా."

వానపిల్లకు తల కొట్టేసినట్టయింది. తిట్లకైతే సిద్ధపడి వచ్చింది, నమ్మకానికి కాదు. ఏడుపు వచ్చింది, మింగేసింది. ఏడవడానికి కూడా ఇప్పుడు టైము లేదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నాన్న అనుకుని అదిరిపడింది. అత్త.

"ఏమే, ఇక్కడ వాన దంచుతోంది. గొట్టం సగం దాటింది. రాద్దామంటే పుస్తకం నువ్వు పట్టుకుపోయావ్. దేని మీద రాయను?"

"సగం అంటే ఎంతత్తా?"

"యాభై ఎనిమిది గీత దగ్గరుంది. నువ్వెళ్ళాక మొదలైంది, గంటన్నర కూడా కాలేదు. మీ నాన్న ఇవాళ బండి తెస్తాడా, తేడా? వాగు చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది."

వానపిల్ల ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఫోను పెట్టేసరికి దశాంశం సారు లేచి నిలబడి ఉన్నారు. ఇద్దరూ వరండా వెంట దాదాపు పరుగెత్తారు. సభ గదిలోంచి కుర్చీలు సర్దుకుంటున్న చప్పుడు, ఎవరో నవ్వడం. తలుపు మీద అంటించిన కాగితంలో పద్నాలుగో గొట్టం ప్రతినిధికి అభినందనలు. ఆమె అటు చూడకుండా దాటింది.

బులెటిన్ మేడమ్ అన్నం డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. సంతకం ఆవిడది కాబట్టి ఆ పేరు. సంగతి రెండు ముక్కల్లో విని డబ్బా మూసేసింది. "ఉపసంహరించాలంటే ఫారం కావాలి. కారణం రాయండి," అని కాగితం ముందుకు తోసింది.

దశాంశం సారు కలం తీసి ఆగారు. ఫారంలో రెండే గడులు ఉన్నాయి. పరికరంలో లోపం, లేదా తప్పుడు సమాచారం. రెండో దానికి, అది ఎవరిచ్చారో పేరు రాయాలి.

"పరికరంలో లోపం అని రాద్దామమ్మా," అన్నారాయన మెల్లగా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడలేదు. "గొట్టం ఒరిగిందంటాం. నీ ఉత్తరం నీకుంటుంది. నాకూ రిటైర్మెంటు మూడేళ్ళే ఉంది."

ఆశ ఎలాంటిదంటే, అంత గాభరాలోనూ వానపిల్ల ఒక్క క్షణం ఆ గడి వైపే చూసింది. ఉత్తరం, సీటు, మెడలో కార్డు, అన్నీ ఆ గడిలో భద్రంగా ఉన్నాయి.

"అలా రాస్తే బులెటిన్ ఎప్పుడు మారుతుంది మేడమ్?" అని అడిగింది.

"ఎవరైనా వెళ్ళి గొట్టం చూసి, లోపం ఉందని రాసిస్తే అప్పుడు. సాయంత్రమవుతుంది."

"రెండోదైతే?"

"వెంటనే. ఇక్కడే, ఇప్పుడే."

వానపిల్ల సారు చేతిలో కలం తీసుకుంది. అడగలేదు, తీసుకుంది. రెండో గడిలో టిక్కు పెట్టి, హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేని తన పూర్తి పేరు రాసింది. దాని కింద పదకొండు తేదీలు వేసింది. మెడలోని కార్డు ఫారం మీద వేలాడుతూ చేతికి అడ్డమొస్తుంటే తీసి టేబుల్ మీద పెట్టింది.

దశాంశం సారు ఆ కాగితం తన వైపు తిప్పుకున్నారు. కలం వెనక్కి తీసుకుని, ఆమె పేరు కింద తన పేరు రాశారు. పక్కన, అనుమానాన్ని పదకొండుసార్లు తోసిపుచ్చినవాడు అని చేర్చారు. అప్పుడు ఆయన మీద ఆమెకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

పన్నెండూ ఇరవై ఎనిమిదికి బులెటిన్ వెనక్కి పోయింది. ముప్పైకి కొత్తది వెళ్ళింది: కొండ వెనక అతి భారీ వర్షం, చప్టా దాటవద్దు. బులెటిన్ మేడమ్ డిపోకు ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. అవతల సూపర్‌వైజరు కాగితాలు తిరగేశాడు.

"పన్నెండు గంటల బండి టైముకే వెళ్ళిపోయిందండీ. ఈపాటికి చప్టా దగ్గరుంటుంది. డ్రైవరు ఫోను ఎత్తడు, కండక్టరు నంబరు ఇస్తా, రాసుకోండి."

వానపిల్ల అరచేతి మీద రాసుకుంది. చెమటకు రెండు అంకెలు అలుక్కుపోయాయి, మళ్ళీ చెప్పించుకుంది. అవతల ఫోను మోగుతోంది. ఐదుసార్లు, ఆరుసార్లు. ఎత్తారు. ముందు వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"నేను డ్రైవరు గారి అమ్మాయిని. బస్సు ఆపండి. చప్టా ఎక్కొద్దని నాన్నకు చెప్పండి. బులెటిన్ తప్పు."

"గట్టిగా చెప్పమ్మా, వినబడట్లేదు."

"బులెటిన్ తప్పు. నాన్నకు ఫోను ఇవ్వండి."

"ఎట్లా ఇవ్వను తల్లీ, నేను కిందే, గట్టు మీద ఉన్నా." కండక్టరు వాన చప్పుడుకు మించి అరిచాడు. "నీళ్ళు చప్టా మీదికొచ్చాయి. లోతు చూడమని నన్ను దింపాడు. మోకాలి దాకా ఉంది, వద్దన్నా. లోపల ముప్పై మంది ఉన్నారు, వాళ్ళూ వెనక్కి తిప్పమని గొడవ చేశారు. మీ నాన్న ఆ కాగితం తీసి అందరికీ చూపించాడు. పైన పడేది పదమూడే, ఇంతకంటే పెరగదు, ఇది మా అమ్మాయి చూసి రాసిందన్నాడు. ఆ మాటతో అందరూ కూర్చున్నారు, బండి ముందుకు తీశాడు."

"ఇప్పుడెక్కడుంది బస్సు?"

"చప్టా మీద, సగం దూరంలో," అన్నాడు కండక్టరు. "ఆగిపోయింది."